సుంకి ఘాట్ మీద కారు భద్రత: చట్టం ఎంత దూరం వస్తుంది?

క్లుప్తంగా: కార్లలో భద్రతా పరికరాలను చట్టంతో తప్పనిసరి చేస్తే ప్రాణాలు నిలుస్తాయనడానికి దశాబ్దాల అనుభవం ఉంది. అయితే ఈ పరికరాలన్నీ ఒక రకం కావు. కొన్ని ఫ్యాక్టరీలో బిగించి వదిలేసినా వాటి పని అవి చేస్తాయి. కొన్నింటికి మనిషి సహకరించాలి, కొన్నింటికి రోడ్డు సహకరించాలి. పాత బండ్లు, షేర్ జీపులు, సుంకి లాంటి ఘాట్ రోడ్లు కలిసిన ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

రాయగడ మజ్జిగౌరి గుడి దగ్గర సెలవు రోజున కాసేపు నిలబడితే ఇరవై ఏళ్ల కార్ల చరిత్ర వరసగా కనిపిస్తుంది. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కొత్త కారు ఒకటి ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు బొట్లు, సీట్లకు షోరూమ్ ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. అందులో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. దాని పక్కనే గుణుపురం నుంచి పది పన్నెండు మందిని దింపిన పాత జీపు. వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు, వాటికి బెల్టన్న మాటే లేదు. దర్శనం అయ్యాక రెండూ ఒకే రోడ్డు ఎక్కుతాయి.

కార్ల భద్రత మీద గత ఏడెనిమిదేళ్లలో వచ్చిన నిబంధనల్లో దాదాపు అన్నీ ఆ కొత్త కారును ఉద్దేశించినవే. కార్లకు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా జీపు సంగతి పక్కకు పోతుంది.

ఏది తప్పనిసరి, ఎప్పటి నుంచి

కారు ఎలా తయారు కావాలో చెప్పే అధికారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 110వ సెక్షన్ కింద కేంద్రానిది. వివరాలు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంటాయి. గుద్దుకుంటే లోపలున్నవాళ్లకు ఏమవుతుందో పరీక్షించి చూపాలన్న షరతు కొత్త మోడళ్లకు 2017 అక్టోబరులోనూ, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు మరో రెండేళ్లకూ వచ్చింది. అంటే మన రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతున్న చాలా కార్లు ఆ పరీక్ష ముఖం చూడలేదు.

2019 పెద్ద మలుపు. ఆ ఏడాది ఏప్రిల్‌కల్లా కార్లన్నింటికీ, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు వచ్చాయి. జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్ తప్పనిసరి అయ్యాయి. కొత్త కారులో గంటకు 80 కిలోమీటర్లు దాటగానే వినిపించే బీప్, 120 దాటితే ఆగకుండా మోగే మోత ఆ నిబంధన నుంచి వచ్చినవే. డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు ఉండాలన్న నియమం కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లకు ఆ ఏడాది చివరి నుంచి అమలైంది.

ఈ తేదీలన్నీ బండి తయారైన రోజుకు సంబంధించినవి. నిన్న తయారైన కారుకు ఈరోజు చట్టం అంటదు. 2012లో కొన్న బండికి ఎయిర్‌బ్యాగు బిగించుకోమని ఎవరూ అడగరు, అడిగినా అది అయ్యే పని కాదు. ఎయిర్‌బ్యాగు అంటే స్టీరింగ్‌లో మడిచి పెట్టిన సంచి ఒక్కటే కాదు. దెబ్బను పసిగట్టే సెన్సర్లు, లెక్క కట్టే కంప్యూటరు, దానికి తగ్గట్టు తయారైన బాడీ అన్నీ కలిసిన ఏర్పాటు అది.

ఆరు ఎయిర్‌బ్యాగుల కథ

చట్టం చేయకపోయినా చట్టం భయం పనిచేస్తుందనడానికి ఇటీవలి ఉదాహరణ ఇది. 2022 జనవరిలో కేంద్ర రవాణా శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత తయారయ్యే కార్లలో ముందున్న రెండింటికి తోడు పక్కల నుంచి కాపాడే మరో నాలుగు ఎయిర్‌బ్యాగులు ఉండాలన్నది దాని సారాంశం. చిన్న కార్ల ధర పెరుగుతుందని, మోటారు సైకిల్ నుంచి కారుకు మారాలనుకునే కుటుంబం వెనక్కి తగ్గుతుందని కంపెనీల వైపు నుంచి వాదన వచ్చింది. ఒక ఎయిర్‌బ్యాగు ఖరీదు 800 రూపాయలేనని మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటులో అన్నారు. విదేశాలకు పంపే కార్లలో పెట్టగలిగినవి ఇక్కడి కార్లలో ఎందుకు పెట్టలేరని కూడా ఆయన ప్రశ్న. గడువు 2023 అక్టోబరుకు జరిగింది. ఆ గడువుకు కొద్ది రోజుల ముందు, తప్పనిసరి చేయబోవడం లేదని ఆయనే ప్రకటించారు.

ఓడిపోయిన నిబంధన అనిపిస్తుంది. కానీ షోరూముల్లో జరిగింది వేరు. హ్యుందాయ్ 2023 అక్టోబరులోనే తన మోడళ్లన్నింటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నట్టు ప్రకటించింది. 2025 నాటికి మారుతి ఆల్టో కె10లో కూడా, అన్నింటికన్నా తక్కువ ధర రకంతో సహా, ఆరు వచ్చాయి.

దీని వెనక రెండు బలాలు ఉన్నాయి. ఒకటి, నిబంధన వస్తుందేమోనని కంపెనీలు అప్పటికే డిజైన్లు మార్చుకోవడం. రెండోది, గుద్దుడు పరీక్షల్లో కార్లకు ఇచ్చే నక్షత్రాలు. 2014లో ఆ పరీక్షలు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో బాగా అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గుద్ది చూస్తే ఐదింటికీ సున్నా వచ్చింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. అప్పటి నుంచి టీవీ ప్రకటనల్లో మైలేజీ పక్కన నక్షత్రాలు చేరాయి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మన దేశపు నక్షత్రాల పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ కూడా స్వచ్ఛందమే, కంపెనీ ముందుకొస్తేనే పరీక్ష. అయినా మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ ఉండి తీరాలన్న షరతు పెట్టడంతో, చట్టం అడగనిదాన్ని మార్కులు అడిగినట్టయింది.

చట్టబద్ధమైన పరీక్షలో కారును గంటకు 56 కిలోమీటర్ల వేగంతో గుద్దుతారు, నక్షత్రాల పరీక్షలో 64తో. చూడటానికి ఎనిమిదే తేడా. గుద్దుడు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 30 శాతం ఎక్కువ దెబ్బ. చట్టం పాస్ మార్కు పెడుతుంది, నక్షత్రాలు ఫస్ట్ క్లాస్ అడుగుతాయి. కొనేవాడు నక్షత్రాలు చూసే స్థితిలో ఉన్నప్పుడే రెండోది పనిచేస్తుంది. చిట్‌ఫండ్ డబ్బుతో పాత బండి వెతుక్కునే జయపురం వ్యాపారికి ఆ ఎంపిక ఉండదు. అందుకే పాస్ మార్కు ఎంత ఎత్తులో ఉండాలన్నది ముఖ్యం. ఇవాళ్టి కొత్త కారే పదేళ్ల తర్వాత అతని చేతికి వస్తుంది.

బెల్టు, బ్యాగు, బాడీ

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కదలని దాన్ని గుద్దడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడటంతో సమానం. 100తో గుద్దితే ఎత్తు రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ దెబ్బను తట్టుకోవడంలో మూడింటికి మూడు పనులు.

బాడీ ముందు భాగం నలిగిపోయి దెబ్బను మింగాలి, మనుషులు కూర్చున్న గది మాత్రం ఆకారం చెడకుండా నిలవాలి. బెల్టు మనిషిని సీటుకు కట్టి ఉంచాలి. ఎయిర్‌బ్యాగు సెకనులో ముప్పయ్యో వంతు వ్యవధిలో ఉబ్బి, తల, ఛాతీ స్టీరింగ్‌ను గుద్దుకోకుండా చూడాలి. ఈ వరస తారుమారైతే ఉపయోగం లేదు. గదే ముడుచుకుపోయే బాడీలో ఎయిర్‌బ్యాగు పెట్టినా లాభం లేదని 2014లో కొన్ని కార్ల పరీక్షల తర్వాత గ్లోబల్ ఎన్‌క్యాప్ చెప్పింది. బెల్టు పెట్టుకోనివాడు ముందుకు దూసుకొచ్చి, గంటకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతున్న సంచికి ఎదురెళ్తాడు. అప్పుడు కాపాడాల్సిందే గాయం చేస్తుంది.

వెనక సీటు సంగతి ఇంకా విడ్డూరం. బెల్టు ముందువాళ్లకేనన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. కేంద్ర నిబంధనల్లోని 138(3) వెనక సీటువాళ్లూ బెల్టు పెట్టుకోవాలంటుంది. లేకపోతే 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. ఈ విషయం దేశంలో చాలామందికి తెలిసింది 2022 సెప్టెంబరు 4 తర్వాతే. ఆ రోజు మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో సూర్య నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారు, వెనక సీటు, బెల్టు లేదు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. దాదాపు సగానికి సగం.

మిస్త్రీ మరణం తర్వాత బయటపడిన మరో సంగతి, బెల్టు హెచ్చరిక శబ్దాన్ని ఆపే చిన్న క్లిప్పులు ఆన్‌లైన్‌లో బాహాటంగా అమ్ముడవడం. బెల్టు నాలుకలా ఉండే ఆ ఇనుప ముక్కను బకిల్‌లో దూరిస్తే కారు మోసపోతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలతో 2023లో 13 వేలకు పైగా అమ్మకపు పేజీలు తీసేశారు. క్లిప్పులు లేకపోయినా ఇబ్బంది లేదు. బెల్టును వీపు వెనక నుంచి పెట్టుకుని దాని మీదే కూర్చోవడం ఎవరూ నేర్పక్కర్లేని విద్య.

ఇక కొన్న మర్నాడే యజమాని తన చేతులతో పాడుచేసుకునేవి రెండున్నాయి. ఒకటి సీటు కవర్లు. ఆరు ఎయిర్‌బ్యాగుల కారులో రెండు ముందు సీట్ల పక్క కుట్టుల్లోంచి బయటికి రావాలి. బయట కుట్టించిన మందపాటి రెగ్జిన్ కవరు తొడిగితే ఆ దారి మూసుకుపోవచ్చు. వెనక సీటు బకిళ్లు కూడా ఆ కవర్ల కిందే సమాధి అవుతాయి. రెండోది ముందు బిగించే ఇనుప గార్డు. ఏజెన్సీ రోడ్లమీద తిరిగే బండ్లకు అదొక హోదా గుర్తు. ఆవు అడ్డొస్తే బంపరు కాపాడుతుందన్నది వాదన. నలగాల్సిన భాగాన్ని నలగనీయకుండా ఆ కమ్మీ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది, సెన్సర్ల లెక్క కూడా తప్పుతుంది. 2017 డిసెంబరులోనే కేంద్రం వీటిని నిషేధిత మార్పుగా ప్రకటించి, తీయించాలని రాష్ట్రాలకు రాసింది. రాయగడ బస్టాండు పక్క వీధిలో పది బండ్లు లెక్కపెడితే ఆ ఉత్తరం ఎంతవరకు చేరిందో తెలుస్తుంది.

అమెరికాలో 1974

మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించారు. కంపెనీ ఆ పేటెంటును అందరూ వాడుకునేలా వదిలేసింది. అయినా కంపెనీలు తమంతట తాము అన్ని కార్లలో పెట్టలేదు. 1966లో అమెరికా వాహన భద్రతా చట్టం చేశాకే, 1968 మోడళ్ల నుంచి బెల్టులు ప్రతి కారులో వచ్చాయి. బెల్టు ఉండటం వేరు, పెట్టుకోవడం వేరు. పెట్టుకోవడాన్ని మొదట చట్టం చేసింది 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం.

ఆ రెంటినీ ఒకే దెబ్బతో కలపాలని అమెరికా ఒక ప్రయోగం చేసింది. 1974 మోడల్ కార్లలో ముందున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఇంజిన్ స్టార్టే కాదు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి నిబంధన ఉండదు. పక్క సీట్లో కూరగాయల సంచి పెట్టినా కారు కదలనంది, కుక్కపిల్లను కూర్చోబెట్టినా అంతే. జనం మండిపడ్డారు. మెకానిక్‌ల చేత తీగలు కోయించుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికా కాంగ్రెస్ ఆ నిబంధనను ఎత్తేయడమే కాక, అలాంటిది మళ్లీ పెట్టకూడదని చట్టం చేసింది. మన బీప్ శబ్దం ఆ గొడవ నేర్పిన రాజీ. విసిగిస్తుంది కానీ ఆపదు.

ఎయిర్‌బ్యాగుల విషయంలోనూ తొలి నిబంధన నష్టం లేకుండా రాలేదు. అమెరికా తొలి ఎయిర్‌బ్యాగులను బెల్టు పెట్టుకోని సగటు మగవాణ్ని దృష్టిలో పెట్టుకుని బలంగా ఉబ్బేలా చేశారు. ముందు సీట్లో కూర్చున్న పిల్లలు, పొట్టిగా ఉండే ఆడవాళ్లు వాటి దెబ్బకు చనిపోయారు. 1990 నుంచి 2008 మధ్య అలా పోయిన ప్రాణాలు 290కి పైగానే అని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క. అదే సంస్థ, 1987 నుంచి 2017 వరకు ముందు ఎయిర్‌బ్యాగులు కాపాడినవి 50 వేల ప్రాణాలని అంచనా వేసింది. చట్టం వద్దనేవాళ్లు మొదటి అంకె చెబుతారు, కావాలనేవాళ్లు రెండోది. రెండూ నిజమే. నిబంధన పెట్టి వదిలేయకుండా, తప్పు తేలాక ఉబ్బే బలం తగ్గించేలా దాన్ని మార్చడం వల్లే రెండో అంకె సాధ్యమైంది. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది కాబట్టి మొదటి అంకెను కొట్టిపారేయడానికి లేదు.

యూరప్ ఇంకా ముందుకెళ్లింది. 2024 జూలై నుంచి అక్కడ రిజిస్టరయ్యే ప్రతి కొత్త కారులో దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు, వేగ పరిమితి బోర్డు చదివి హెచ్చరించే కెమెరా, నిద్రమత్తును పట్టే పరికరం ఉండాలి. ఆటోమేటిక్ బ్రేకుకు అమెరికా 2029 సెప్టెంబరు గడువు పెట్టింది.

ఆ పరికరాలు ఘాట్ రోడ్డు ఎక్కితే

అడాస్ అని మన ప్రకటనల్లో వినిపించేది ఇదే సాంకేతికత. సాలూరు దాటి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే రోడ్డు మీద దాన్ని ఊహించుకుంటే ఏది చట్టానికి పనికొస్తుందో, ఏది తొందరో తేలుతుంది.

లేన్ పట్టి నడిపే ఏర్పాటుకు రోడ్డు మీద తెల్ల గీతలు కావాలి. గీత చెరిగిపోయిన చోట, వానకు మట్టి కొట్టుకొచ్చిన మలుపులో కెమెరాకు పట్టుకోవడానికేమీ ఉండదు. శీతాకాలం తెల్లవారుజామున పొట్టంగి దగ్గర మంచు దిగితే కెమెరా కూడా డ్రైవరంత గుడ్డిదే. వేగ పరిమితి బోర్డు చదివే కెమెరాకు ముందు బోర్డు ఉండాలి, దాని మీద పోస్టరు ఉండకూడదు. ఇలాంటి వాటిని ఇప్పుడే తప్పనిసరి చేస్తే పనిచేయని పరికరానికి కొనేవాడు డబ్బు కడతాడు. పైగా ఊరికే మోగే హెచ్చరికను మనిషి వారంలో ఆపేసుకుంటాడు. పనికొచ్చే హెచ్చరిక కూడా దాంతోపాటే పోతుంది.

ఈఎస్‌సీ అలా కాదు. దానికి గీత అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. స్టీరింగ్ ఎటు తిప్పారు, బండి నిజంగా ఎటు తిరుగుతోంది అన్న రెండింటినీ పోల్చుకుంటూ ఉంటుంది. తేడా వస్తే నాలుగు చక్రాల్లో అవసరమైన ఒక్కదానికి బ్రేకు వేసి బండిని దారికి తెస్తుంది. తడి మలుపులో జారే బండికి, ఎదురుగా లారీ చూసి ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పిన డ్రైవరుకు అదే ఆధారం. బండి ఒంటరిగా అదుపు తప్పే ప్రమాదాలు దీనివల్ల కార్లలో 34 శాతం, ఎత్తైన ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని అమెరికా భద్రతా సంస్థ అంచనా. ఘాట్ మీద తిరిగేవాటిలో ఎత్తైన బండ్లే ఎక్కువ. ఎయిర్‌బ్యాగులకు వచ్చినంత ప్రచారం దీనికి రాకపోవడానికి కారణం, బహుశా, షోరూములో చూపించడానికి కనిపించే వస్తువేదీ లేకపోవడమే.

ఏ సాంకేతికతా తీర్చలేనిది కూడా ఈ రోడ్డు మీదే కనిపిస్తుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసి బండిని వదిలే అలవాటు అది. ఇంజిన్ పట్టు లేకపోవడంతో వేగాన్ని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అయిదారు మలుపులు దాటేసరికి అవి కాలి వాసన వస్తుంది, పెడల్ తొక్కినా బండి వినదు. ఇంజినే ఆపేస్తే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ కూడా రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. కాలిన బ్రేకు దగ్గర ఏబీఎస్ చేయగలిగిందేమీ ఉండదు.

రెండో చేతి బండి

సరిహద్దు జిల్లాల బండ్ల బజారుకు ఒక లక్షణం ఉంది. విశాఖలో, విజయనగరంలో ఏడెనిమిదేళ్లు తిరిగిన కారు ఎన్‌వోసీతో రాయగడకో, పర్లాకిమిడికో చేరుతుంది. ఏడాదికి మించి ఇక్కడే ఉంటే మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ఆ పనిలో చూసేది ఛాసిస్ నంబరు, పన్ను రసీదు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్. ఎయిర్‌బ్యాగు లోపల ఉందో లేదో తెలిపే కాలమ్ ఆ కాగితాల్లో లేదు. సొంత కారుకు పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు.

ఒకసారి గుద్దుకుని తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును మళ్లీ పెట్టించడం ఖరీదైన పని. సంచి ఒక్కటే సరిపోదు, బెల్టు బిగించే యూనిట్, కంట్రోల్ మాడ్యూల్ కూడా మార్చాల్సి రావచ్చు. పాత కారు అమ్మేవాడు కొన్నిసార్లు స్టీరింగ్ కవరు మాత్రం కొత్తది వేసి, తీగల మధ్య చిన్న రెసిస్టర్ పెట్టి, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం ఆర్పేస్తాడు. చూడటానికి అంతా సవ్యంగా ఉంటుంది, లోపల సంచి ఉండదు.

దీన్ని కొంతవరకు పట్టుకునే దారి ఒకటుంది. తాళం చెవి ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డాష్‌బోర్డు చూడాలి. ఒడిలో గుండ్రటి సంచి పెట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ ఎర్రగా వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే లోపం ఉంది. అసలు వెలగనే లేదంటే బల్బు పీకేశారని అర్థం, అది ఇంకా చెడ్డ సూచన. రెసిస్టర్ పెట్టిన బండి ఈ పరీక్షను దాటేస్తుంది కాబట్టి, సర్వీసు సెంటర్‌లో స్కానర్ పెట్టించడం, ప్రమాద బీమా క్లెయిమ్ చరిత్ర అడగడం కూడా అవసరం. బేరంలో టైర్లు, ఏసీ చూసినంత శ్రద్ధగా దీన్ని చూసేవాళ్లు అరుదు.

తయారీ నిబంధన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతుందన్న విమర్శకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. పరికరం తప్పనిసరి చేయడంతో పాటు, బండి చేతులు మారేటప్పుడు అది పనిచేస్తోందని చూపించడం కూడా తప్పనిసరి చేస్తే తప్ప, రెండో యజమానికి మొదటి యజమాని హక్కు అందదు.

అమలు విషయంలో రాష్ట్రాల తేడా ఒకటి. కారు తయారీ మీద నిబంధన దేశమంతటా ఒకటే, రోడ్డు మీద పట్టించుకోవడం మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది. 2019 సెప్టెంబరు 1న కొత్త జరిమానాలను ఒడిశా మొదటి రోజే అమలు చేసింది. గగ్గోలు లేవడంతో వారం తిరగకుండానే మూడు నెలల వెసులుబాటు ఇచ్చింది. మహారాష్ట్ర 2021 డిసెంబరు దాకా ఆగింది. సరిహద్దు గేటుకు అటు బెల్టు తీసేసి ఇటు పెట్టుకునే డ్రైవర్లు తయారవడానికి ఆ తేడాలు ఒక కారణం.

ఖర్చు ఎంత, ఎవరిది

ధర పెరుగుతుందన్న వాదనలో నిజం ఉంది, కొలత మాత్రం చూసుకోవాలి. అదనంగా నాలుగు ఎయిర్‌బ్యాగులకు అయ్యే ఖర్చు మీద అంచనాలు ఆరేడు వేల రూపాయల నుంచి పద్దెనిమిది వేల దాకా వినిపించాయి. పెద్ద అంకెనే తీసుకుందాం. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా నాలుగు లక్షలుండే కారు మీద అది 40 వేల రూపాయల తేడా. పన్ను నిర్ణయం వల్ల ధరలో వచ్చిన మార్పు అదనపు ఎయిర్‌బ్యాగుల భారానికి రెట్టింపు పైనే. పేదవాడి కారు ఖరీదు అన్న ఆందోళన నిజమైనదే అయితే దానికి భద్రతను కోసేయడం ఒక్కటే మందు కాదని ఈ లెక్క చెబుతుంది.

ఇంకో వాదన అర్థశాస్త్రం నుంచి వచ్చింది. బండి భద్రంగా ఉందన్న ధీమాతో డ్రైవరు ఇంకా వేగంగా పోతాడని, కాపాడిన ప్రాణాలకు బదులు పాదచారుల ప్రాణాలు పోతాయని 1975లో శామ్ పెల్ట్‌జ్‌మన్ వాదించారు. ఆ తర్వాతి దశాబ్దాల అనుభవం ఆయన చెప్పినంత నష్టాన్ని చూపలేదు, బెల్టుల లాభం నిలబడింది. అయినా ఆ ప్రశ్నలో ఒక ముక్క మన దగ్గర బతికే ఉంది. 2022లో దేశ రహదారుల మీద చనిపోయిన 1,68,491 మందిలో ద్విచక్ర వాహనాల మీదివాళ్లు 44.5 శాతం, నడిచి వెళ్తున్నవాళ్లు 19.5 శాతం. కారులో ఉన్నవాళ్లు ఎనిమిదో వంతు. కారు లోపలివాళ్లను కాపాడే చట్టం ఎంత గట్టిదైనా ఆ వాటా పరిధిలోనే పనిచేస్తుంది. బయటివాళ్లను కాపాడేది కారు వేగం, బ్రేకు, దీపాలు, తలకు తగిలే బానెట్ మెత్తదనం. మనిషి అడ్డొస్తే దానంతటదే ఆగే బ్రేకు ఆ కోవలోకి వస్తుంది. అడాస్‌లో ముందు చట్టం కావలసింది అదే అనడానికి ఇది బలమైన కారణం.

లారీల వెనక కమ్మీ కూడా ఇదే రకం. అల్యూమినా, బొగ్గు, గ్రానైట్ లారీలు తిరిగే ఈ జిల్లాల్లో, రాత్రి రోడ్డు పక్క ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దితే, బంపరుకు తగలాల్సిన దెబ్బ అద్దం ఎత్తులో తగులుతుంది. కారు లారీ కిందికి దూరిపోతుంది. నలగాల్సిన భాగం నలగదు, సెన్సర్ సమయానికి మేల్కోదు, ఐదు నక్షత్రాలూ ఆరు బ్యాగులూ లెక్కలోకి రావు. దీన్ని ఆపేది లారీ వెనక కిందికి వేలాడే గట్టి అడ్డకమ్మీ, మెరిసే టేపు. రెండూ నిబంధనల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. లోడింగ్ దగ్గర అడ్డం వస్తోందని వంచేసిన కమ్మీలు, దుమ్ము కప్పేసిన టేపులు ఏ దాబా ముందైనా కనిపిస్తాయి. కొత్త పరికరానికి చట్టం చేయడం కంటే ఈ ఇనుప ముక్కను సరిచేయించడం చవక, దాని గురించి ఎవరూ ప్రకటన ఇవ్వరు.

కొత్త రోడ్డు వచ్చాక

రాయపూర్–విశాఖపట్నం మధ్య సుమారు 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి కోరాపుట్, నవరంగపూర్ జిల్లాల మీదుగా తయారవుతోంది. కొండల్లో సొరంగాలతో సహా వస్తున్న ఈ రోడ్డు మీద గీతలు ఉంటాయి, బోర్డులు ఉంటాయి. సుంకి మలుపుల్లో పనికిరాని లేన్ కెమెరా అక్కడ పనిచేస్తుంది. 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు గరిష్ఠ వేగాన్ని 120గా పెట్టింది. ఇప్పటిదాకా నలభై, యాభైతో పాకుతూ వెళ్లిన బండి అక్కడ వంద దాటుతుంది. పడే ఎత్తు మూడంతస్తుల నుంచి పన్నెండు అంతస్తులకు పెరుగుతుంది.

ఆ వేగానికి తగ్గట్టు తయారైన కారు, 2019కి ముందు తయారై చేతులు మారిన కారు, బెంచీల జీపు ఒకే టోల్ గేటు దగ్గర వరసలో నిలబడతాయి. గేటు మీది కెమెరా నంబరు ప్లేటు చదివి ఏ బండి ఏ ఏడాదిదో, బీమా ఉందో లేదో క్షణంలో చెప్పేస్తుంది. స్టీరింగ్ కవరు కింద సంచి ఉందా, వెనక సీటు బకిళ్లు రెగ్జిన్ కింద ఉన్నాయా పైన ఉన్నాయా అన్నది బండి తలుపు తీసి చూస్తే తప్ప తెలియదు.